ఎండలో స్టార్ట్ కాని బండి: పంప్ మార్చే ముందు రిలే సాకెట్ చూడండి

మీరు రాసిన లక్షణాలు ఇవి. బండి 2013 వ్యాగన్ ఆర్ పెట్రోల్. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు ఆపి మళ్లీ తీస్తే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డులో ఫ్యూయల్ పంప్ పోయింది, మార్చాల్సిందే అన్నారు. పంప్ రిలే, అంటే పంప్‌కి కరెంటు కలిపి తీసే చిన్న స్విచ్చు లాంటి డబ్బా, ఎక్కడుంటుంది, అది బాగుందో లేదో ఇంటి దగ్గరే ఎలా చూసుకోవాలి అని అడిగారు.

పంపే పోయి ఉండొచ్చు, కాదనను. కానీ వేడికి మొరాయించి చల్లబడ్డాక దారికొచ్చే గుణం పంప్ ఒక్కదానికే లేదు. రిలేకి ఉంది, ఇంజిన్ తిరుగుతోందో లేదో చెప్పే క్రాంక్ సెన్సార్‌కీ ఉంది. మూడింటి లక్షణం బయటికి ఒకేలా కనిపిస్తుంది. రిలే ఖరీదు కొన్ని వందలు, పంప్ ఖరీదు వేలు. పైగా కొన్ని బండ్లలో వెనక సీటు ఎత్తితే పంప్ మూత కనిపిస్తుంది, కొన్నింట్లో ట్యాంకే దించాలి. అంత పని పెట్టుకునే ముందు పావుగంట రిలే సాకెట్ దగ్గర కూర్చోండి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, ఇగ్నిషన్ కరెంటు, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) ఇచ్చే ఆర్డరు, పంప్‌కి వెళ్లే వైరు, ఈ నాలుగూ కలిసేది అక్కడే. రిలే పీకేసి ఆ నాలుగు రంధ్రాలను ఒక్కొక్కటిగా చూస్తే తప్పు ఎటువైపు ఉందో తేలిపోతుంది. అందుకే నేను రిలే కంటే దాని సాకెట్‌నే ఎక్కువ నమ్ముతాను.

ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. కార్బురేటర్ మారుతి 800 రోజుల్లో పంప్ ఇంజిన్ మీదే ఉండేది, ఇంజిన్ తిరిగితే అదీ కొట్టేది, కరెంటుతో పనే లేదు. ఇంజెక్షన్ బండ్లలో పంప్ ట్యాంకు లోపల ఉంటుంది, కరెంటు మీద తిరుగుతుంది. మీరు కీ ఆన్ చేయగానే ఈసీఎం రిలే కాయిల్‌కి (లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టకి) ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ దారి, ఇస్తుంది, రిలే కలుస్తుంది, పంప్ సుమారు రెండు సెకన్లు తిరిగి లైన్లో ప్రెషర్ నింపుతుంది. ఆ లోపు ఇంజిన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సార్ నుంచి సిగ్నల్ రాకపోతే ఈసీఎం ఎర్త్ తీసేస్తుంది, పంప్ ఆగిపోతుంది. సెల్ఫ్ కొట్టి సిగ్నల్ వస్తే మళ్లీ ఇస్తుంది. ఆ రెండు సెకన్ల సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, ఇక్కడ చెప్పబోయే పరీక్షలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఇక రిలే ఎక్కడుందో. మారుతి పెట్రోల్ కార్లలో ఎక్కువగా బోనెట్ కింద, బ్యాటరీ పక్కనున్న నల్ల ఫ్యూజ్ బాక్సులోనే ఉంటుంది. మూత తీసి లోపలి వైపు చూడండి, బొమ్మలో ఏది ఏ రిలేనో రాసి ఉంటుంది. మోడల్ సంవత్సరం, వేరియంట్ మారితే అమరిక మారుతుంది. కాబట్టి ఎవరో వీడియోలో చూపించిన చోటు కంటే మీ మూత మీది బొమ్మ, మీ ఓనర్ మాన్యువల్ చెప్పిందే లెక్క. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఒక్కోసారి వేరే వేరియంట్ మూత బిగించి ఉంటుంది, లేదా అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. అప్పుడు వేళ్లే దారి చూపిస్తాయి. ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి కీ ఆన్ చేయమనండి, సెల్ఫ్ కొట్టొద్దని ముందే చెప్పండి. మీరు ఒక్కో రిలే మీద వేలి కొన ఆనించి ఉంచండి. మెయిన్ రిలే (ఈసీఎంకి కరెంటు ఇచ్చేది) ఒకసారి టక్‌మని కలిసి అలాగే ఉండిపోతుంది. పంప్ రిలే టక్‌మని కలిసి, రెండు సెకన్లకు మళ్లీ టక్‌మని విడిపోతుంది. అలా రెండుసార్లు కొట్టేది మీకు కావాల్సింది. అదేనని రూఢి చేసుకోవడానికి దాన్ని పీకేసి కీ ఆన్ చేయండి. వెనక సీటు దగ్గర వినిపించే సన్నటి గుయ్‌మనే శబ్దం రాకపోతే అదే.

బాక్సులో ఉన్నదొక్కటే పంప్ రిలే అని మాత్రం అనుకోకండి. మన దగ్గర చాలా బండ్లకు బయట షాపులో సెక్యూరిటీ అలారం బిగించి ఉంటుంది. దాని ఇంజిన్ కట్ రిలేని పంప్ వైరుకో ఇగ్నిషన్ వైరుకో మధ్యలో కోసి పెడతారు. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ విప్పితే నల్ల టేపు చుట్టిన రిలే ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. జీపీఎస్ ట్రాకర్ పెట్టించినవాళ్లకీ ఇదే కథ. బయట ఎల్పీజీ, సీఎన్జీ కిట్ వేయించి ఉంటే, గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ పంప్ ఆగడానికి కొందరు ఫిట్టర్లు ఇంకో రిలే పెడతారు. కంపెనీ రిలే బంగారంలా ఉండి, ఈ దొంగచాటు రిలే ఎండకు వదిలేస్తుంటే ఎవరికీ దొరకదు. మీ బండికి ఇలాంటివి ఏమైనా బిగించారా అన్నది మీరు రాయలేదు. ఉంటే ముందు చూడాల్సింది అక్కడే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకీ రెండు మాటలు. 1990ల నాటి హోండా సివిక్, అకార్డ్‌లలో పంప్ రిలే బోనెట్ కింద కాదు, డాష్‌బోర్డు కింద మెయిన్ రిలే అనే డబ్బాలో ఉంటుంది. అందులో లోపలి సోల్డర్ జాయింట్లు సన్నగా పగిలి, ఎండకు విడిపోయి, చల్లబడితే మళ్లీ కలిసేవి. మీ బండి లక్షణం అచ్చం అదే కాబట్టి చెబుతున్నాను. ఆ జాయింట్లు మళ్లీ సోల్డర్ పెడితే చాలామందికి బాగైపోయేది. ఇంకొన్ని బండ్లలో రిలే అసలు పీకడానికే రాదు. 2011 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీ, డాడ్జ్ డురాంగోలలో పంప్ రిలేని పవర్ మాడ్యూల్ బోర్డు మీదే అతికించారు. అది చెడిపోయి బండ్లు ఆగిపోతుంటే 2014లో రీకాల్ చేసి బయట వేరే రిలే పెట్టించారు.

ఇక పరీక్షలు. వీటికి మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఒక ఎల్ఈడీ టెస్టర్, ఒక పాత హెడ్‌లైట్ బల్బు, 15 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టిన చిన్న జంపర్ వైరు ఉంటే చాలు. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ మీద ఉండాలి. పెట్రోల్ వాసన వస్తుంటే ఏ పరీక్షా వద్దు, ముందు లీకు సంగతి చూడండి.

బండి మొరాయించిన ఆ పది నిమిషాల్లోనే చూడాలి. అది అన్నిటికంటే ముఖ్యం. సాయంత్రం చల్లబడ్డాక షెడ్డుకు తీసుకెళితే అన్నీ బాగానే కనిపిస్తాయి, చివరికి ఏదో ఒకటి ఊహించి మార్చేస్తారు. కాబట్టి మీటరు, టెస్టర్ డిక్కీలో పెట్టుకు తిరగండి. మళ్లీ మొరాయించినప్పుడు సెల్ఫ్ అదేపనిగా కొట్టకండి. కిటికీలు వేసి, ఫ్యాన్, రేడియో ఆపి, కీ ఆన్ చేసి చెవులతో వినండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? అదే వెలగకపోతే ఈసీఎంకే కరెంటు లేదు, మెయిన్ రిలే, దాని ఫ్యూజ్ చూడాలి. తాళం బొమ్మ లైటు మిణుకుమిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (సరైన కీ కాకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కీని గుర్తుపట్టలేదు, రెండో కీతో ప్రయత్నించండి. లైటు మామూలుగా ఉండి, వెనక నుంచి రెండు సెకన్ల గుయ్ శబ్దం వచ్చిందంటే ఆ క్షణంలో రిలే కలిసింది, పంప్ తిరిగింది. అప్పుడు అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి పోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు కొద్దిగా కూడా కదలకపోతే ఆ అనుమానం గట్టిపడుతుంది, చాలా బండ్లలో ఆ ముల్లు నడిచేది ఆ సెన్సార్ సిగ్నల్‌తోనే. ముల్లు కదులుతుంటే స్పార్క్ వస్తోందా, లైన్లో ప్రెషర్ ఉందా అన్నది మిగులుతుంది. ఈ రకం బండ్లలో ప్రెషర్ సుమారు 3 బార్ ఉండాలి. పంప్ శబ్దం వస్తున్నా ప్రెషర్ ఎక్కడం లేదంటే మీ షెడ్డువాళ్లు చెప్పింది నిజమే కావచ్చు.

శబ్దం రాకపోతే ఫ్యూజ్ బాక్సు తెరవండి. పంప్ ఫ్యూజ్ తీసి చూడండి. కంటికి బాగున్నట్టు కనిపించినా మీటరుతో కంటిన్యుటీ (దారి తెగకుండా ఉందా) చూడండి. తర్వాత రిలేని నిటారుగా పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో పక్కనుంచి ఎత్తితే సాకెట్ విరుగుతుంది.

రిలే కింద పిన్నుల దగ్గర నంబర్లుంటాయి. జర్మన్ ప్రమాణం ప్రకారం 85, 86 కాయిల్‌వి. 30 దగ్గరికి కరెంటు వస్తుంది, 87 నుంచి పంప్‌కి పోతుంది. ఐదు పిన్నులుంటే 87ఏ అనేది రిలే కలవనప్పుడు కరెంటు ఉండే పిన్ను, దాన్ని వదిలేయండి. జపాన్ రిలేల మీద 1, 2, 3, 5 అని ఉండవచ్చు. అక్కడ 1, 2 కాయిల్, 3, 5 పాయింట్లు, అంటే రిలే కలిసినప్పుడు ఒకదానికొకటి తగిలి కరెంటు పోనిచ్చేవి. నంబర్లే లేకపోతే మీటరుతో ఏ రెండు పిన్నుల మధ్య 70 నుంచి 120 ఓములు చూపిస్తుందో అదే కాయిల్. మిగిలిన రెండూ పాయింట్లు. రిలే పక్కన గీసిన బొమ్మ కూడా చూడండి. కొన్నింట్లో కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉంటుంది, దానికి ప్లస్, మైనస్ తిరగేసి ఇవ్వకూడదు.

ఇప్పుడు సాకెట్. మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి పెట్టండి. 30 రంధ్రంలో 12 వోల్టులు రావాలి. కొన్ని బండ్లలో ఇది ఎప్పుడూ ఉంటుంది, కొన్నింట్లో కీ ఆన్ చేస్తేనే వస్తుంది. రాకపోతే ఫ్యూజ్, లేదా పైనుంచి వచ్చే కరెంటు లేదు. తర్వాత కాయిల్ రంధ్రాలు రెండిట్లో ఒకదానికి కీ ఆన్‌లో 12 వోల్టులు ఉండాలి. లేకపోతే ఇగ్నిషన్ వైపు, మెయిన్ రిలే వైపు చూడాలి. మిగిలిన కాయిల్ రంధ్రం ఈసీఎంది. ఎల్ఈడీ టెస్టర్ ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన ఆ రంధ్రంలో పెట్టి, కీ ఆన్ చేయమనండి. రెండు సెకన్లు వెలిగి ఆరిపోవాలి. వెలిగితే ఈసీఎం తన పని తాను చేస్తోంది. ఇక్కడ బల్బు టెస్ట్ లాంప్ వాడకండి, దయచేసి. రిలే కాయిల్ లాగేది సుమారు 150 మిల్లీ ఆంపియర్లు. 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అంత బరువు ఈసీఎం లోపలి చిన్న ట్రాన్సిస్టర్ మీద వేస్తే, లేని జబ్బు కొనితెచ్చుకున్నట్టే.

చివరిది 87. రిలే లేకుండా, కీ ఆఫ్‌లో పెట్టి ఆ రంధ్రానికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఓములు చూడండి. కొద్ది ఓములు చూపిస్తే పంప్ దాకా దారి ఉంది. ఓపెన్ చూపిస్తే పంప్ కనెక్టరు, దాని ఎర్త్ బోల్టు, లేదా ఎలుక కొరికిన వైరు. వానాకాలంలో పంప్ దగ్గరి కనెక్టరులో నీరు చేరి పచ్చ తుప్పు పట్టడం మన కోస్తా జిల్లాల్లో మామూలే.

నాలుగూ సరిగ్గా ఉంటే జంపర్ సమయం వచ్చింది. ఫ్యూజ్ పెట్టిన వైరుతో 30కీ 87కీ కలపండి, వేరే ఏ రంధ్రంలోకీ పోనివ్వకండి. రంధ్రం కంటే లావు వైరు లోపలికి తోయకండి, లోపలి క్లిప్పు వెడల్పయితే రేపు రిలే వదులుగా కూర్చుని కొత్త తంటా వస్తుంది. పంప్ ఆగకుండా తిరగాలి. తిరిగితే పంప్, దాని వైరింగు బాగున్నట్టు. వేడిగా ఉన్న ఆ సమయంలోనే బండి స్టార్ట్ అయిందంటే తప్పు రిలేదే అని చెప్పుకోవచ్చు. 30లో కరెంటు ఉండి కూడా పంప్ తిరగకపోతే తప్పు రిలే అవతల ఉంది.

ఈ జంపర్‌ని పరీక్షకు మాత్రమే వాడండి. షెడ్లలో కొందరు పంప్‌కి డైరెక్ట్ ఇచ్చేసి, ఇక ప్రాబ్లెమ్ లేదు సార్ అని పంపేస్తారు. బండి నడుస్తుంది, నిజమే. కానీ రిలేని ఈసీఎం చేతిలో పెట్టడానికి ఒక కారణం ఉంది. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగిపోతే ఈసీఎం పంప్‌ని కూడా ఆపేస్తుంది. డైరెక్ట్ ఇచ్చిన బండిలో ఇంజిన్ ఆగినా పంప్ ఆగదు. పగిలిన పైపులోంచి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండిలో ఆ పని చేయనివ్వకండి. ఇప్పటికే చేసి ఉంటే ఈరోజే తీయించండి.

రిలే మీదే అనుమానం తేలితే తేలికైన దారి మార్చి చూడటం. అదే బాక్సులో హారన్‌దో ఏసీదో అదే పార్ట్ నంబరు, అవే పిన్నులున్న రిలే ఉంటే ఒకదాని చోట ఒకటి పెట్టండి. పరిమాణం ఒకటే ఉంటే చాలదు, నంబరు కలవాలి. బండి వేడిలో స్టార్ట్ అయి, హారన్ మోగడం మానేసిందా, ఇక వేరే రుజువు అక్కర్లేదు.

బల్ల మీద పెట్టి చూడాలనుకుంటే కాయిల్‌కి 12 వోల్టులిచ్చి టక్ శబ్దం వింటే సరిపోదు. ఎక్కువమంది అక్కడే ఆగిపోయి రిలే బాగుందంటారు. టక్‌మని కలిసినా పాయింట్లు కాలిపోయి ఉండొచ్చు. మల్టీమీటరు ఓములు కొలిచేటప్పుడు పంపే కరెంటు చాలా తక్కువ, అది కాలిన పాయింట్లోంచి కూడా దూరిపోయి సున్నా చూపిస్తుంది. దానికే హెడ్‌లైట్ బల్బు. 60/55 వాట్ల హెచ్4 బల్బులో ఒక ఫిలమెంటు 12 వోల్టుల మీద దగ్గరదగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది, చిన్న కారు పంప్ లాగేది కూడా ఇంచుమించు అంతే. ఆ బల్బును 87కి కలిపి, 30కి బ్యాటరీ ప్లస్ ఇచ్చి, కాయిల్‌కి కరెంటు ఇవ్వండి. బల్బు వెలుగుతుండగా 30కీ 87కీ మధ్య వోల్టేజ్ కొలవండి. 0.1, 0.2 వోల్టుల లోపు ఉంటే పాయింట్లు బాగున్నాయి. 0.5 దాటితే ఆ రిలే పారేయండి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టకండి.

వేడి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. రాగి తీగకు వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.39 శాతం. 20 డిగ్రీల దగ్గర 90 ఓములున్న కాయిల్, బోనెట్ కింద 80 డిగ్రీలకు చేరితే 111 ఓముల దాకా పోతుంది, అంటే లాగే బలం తగ్గుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10 వోల్టులకు పడిపోతుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది. కొత్త రిలే దీన్ని తట్టుకుంటుంది, ముసలి రిలే తట్టుకోలేదు. పొద్దున బాగుండి మధ్యాహ్నం మొరాయించడానికి ఇదొక కారణం. బల్బు వెలుగుతుండగా హెయిర్ డ్రయ్యర్‌తో రిలేకి వేడిగాలి కొట్టండి, కరిగేంత దగ్గరగా వద్దు. మధ్యమధ్య కాయిల్ కరెంటు తీసి ఇస్తుండండి. ఏదో ఒక దశలో కలవకపోయినా, బల్బు మిణుకుమన్నా దొరికినట్టే. మీ బ్యాటరీ ఎన్నాళ్ల నాటిదో కూడా చూసుకోండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ 9.6 కంటే కిందికి పడుతుంటే రిలేని ఒక్కదాన్నే తప్పు పట్టలేం.

కొత్త రిలే కంపెనీదే, అదే నంబరుది తీసుకోండి. సాకెట్లో క్లిప్పులు నల్లబడ్డాయా, ప్లాస్టిక్ మెత్తబడి వంగిందా చూడండి. అలా ఉంటే కొత్త రిలే కూడా అక్కడ వేడెక్కుతుంది, సాకెట్ టెర్మినల్ మార్చాలి.

ఒకవేళ కొత్త రిలే పాయింట్లు కూడా కొద్ది నెలల్లోనే కాలిపోతే పంప్ ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, జంపర్ వైరు పెట్టిన చోటే 30కీ 87కీ మధ్య కలపండి. కొద్ది సెకన్లు చాలు, ఎక్కువసేపు పెడితే మీటరు వేడెక్కుతుంది. చిన్న పెట్రోల్ కార్లలో 3 నుంచి 6 ఆంపియర్ల మధ్య నిలకడగా ఉండాలి. 8 దాటుతుంటే పంప్ బిగుసుకుపోతోంది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. ట్యాంకులో ఎప్పుడూ రిజర్వు దాకా ఖాళీ చేసి తిరిగే బండ్లలో ఇది ముందే వస్తుంది, పంప్ మోటారు చల్లబడేది దాని చుట్టూ ఉన్న పెట్రోల్‌తోనే కాబట్టి. అప్పుడు పంప్ మార్చక తప్పదు, కానీ దాంతోపాటు రిలే కూడా మార్చండి.

ముందు మొరాయించిన సమయంలో శబ్దం వచ్చిందో లేదో చూసి, సాకెట్ నాలుగు రంధ్రాల దగ్గర వచ్చిన రీడింగులు, వైర్ల రంగులతో సహా ఇక్కడ రాయండి. అలారం, ట్రాకర్, గ్యాస్ కిట్ ఏమైనా ఉంటే అదీ చెప్పండి. అవి చూశాక తర్వాత ఏ వైరు పట్టుకోవాలో చెబుతాను.